తల వెనుక ఉన్న చూపు పటం

మీరు ఈ వాక్యాన్ని చదువుతున్న క్షణాన దీనిలోని ఒక్కొక్క అక్షరం మీ తల వెనుక భాగంలో తనకు కేటాయించిన చోటికి చేరుతూ ఉంది. తల వెనుక వేళ్ళతో తడిమితే మెడకు పైన ఒక ఎముక గుబ్బ తగులుతుంది. దాదాపు ఆ ప్రాంతంలోనే, లోపలి వైపున, మెదడు ఉపరితలంపై ముడుతలు పడిన ఒక పలుచని పొర ఉంది. దాని మందం సుమారు 2 మిల్లీమీటర్లు. మెదడు రెండు అర్ధగోళాలలోని పొరనూ విప్పి పరిస్తే రమారమి ఒక ఆధార్ కార్డంత ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీనిని ప్రాథమిక దృష్టి వల్కలం అంటారు.

కన్ను చూసే లోకానికి ఇక్కడ ఒక పటం ఉంది. ఊరి పటంలో మసీదు ప్రక్కన బజారు, బజారు ప్రక్కన బడి ఎలా ఉంటాయో, అలాగే కంటి ముందు ప్రక్కప్రక్కన ఉన్న బిందువులు ఈ పొరపైన కూడా ప్రక్కప్రక్కనే ఉంటాయి. బ్రతికి ఉన్న మనిషి తలపై కత్తి పెట్టకుండా, సూది గుచ్చకుండా ఈ పటాన్ని గీయగల విద్య మానవునికి గత మూడు దశాబ్దాలలో అబ్బింది. ఆ విద్య ఏమిటో, అది ఏమి తెలియజేసిందో, మన ఇళ్ళలోని పసిపిల్లల కళ్ళకు దానితో ఉన్న సంబంధం ఏమిటో చూద్దాం.

బస్రా పండితుని ప్రశ్న

ఇబ్నుల్ హైసమ్ పేరు మన ఇళ్ళలో గర్వంగా వినిపిస్తుంది. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం అంతగా వినిపించదు. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో జన్మించి, 1040 ప్రాంతంలో కైరోలో మరణించిన ఈ పండితుడు ఏడు భాగాల ‘కితాబుల్ మనాజిర్’లో దృష్టి శాస్త్రాన్ని పునాదుల నుండి తిరిగి నిర్మించాడు. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని యూక్లిడ్, టాలెమీ వంటి గ్రీకు గణిత పండితులు బోధించారు. తీవ్రమైన వెలుగును చూస్తే కన్ను నొచ్చుకుంటుంది కదా, అంటే బయటి నుండే ఏదో కంటిలోకి వస్తున్నదని ఇబ్నుల్ హైసమ్ వాదించాడు.

అయితే దానితోనే అసలు చిక్కు మొదలైంది. వస్తువుపైని ప్రతి బిందువు నుండి వెలుగు అన్ని దిక్కులకూ ప్రసరిస్తుంది. కంటి ఉపరితలంపైని ప్రతి చోటుకూ వస్తువుపైని ప్రతి బిందువు నుండీ వెలుగు చేరుతుంది. మరి అంతా కలగాపులగం కాకుండా మనకు స్పష్టమైన రూపం ఎలా కనిపిస్తున్నది? కంటికి లంబంగా వచ్చే కిరణాలే లెక్కకు వస్తాయని, కనుక వస్తువుపై ఉన్న బిందువుల వరుస కంటిలో చెదరకుండా నిలుస్తుందని ఆయన సమాధానమిచ్చాడు. లంబ కిరణాల మాట నేడు నిలువలేదు. కంటి కటకం వెలుగును వంచి, నేత్రపటలంపై తలక్రిందులుగా బింబాన్ని ఏర్పరుస్తుందని 1604లో కెప్లర్ వివరించాడు. కాని చూపు అంటే వరుస చెదరని బిందువుల ప్రయాణమనే ఆలోచన నిలిచింది. చూపు పటమనే భావన మొత్తం దానిపైనే ఆధారపడి ఉంది.

ఆ ప్రయాణం కంటితో ముగియదని కూడా ఇబ్నుల్ హైసమ్ గ్రహించాడు. రెండు కళ్ళ నాడులు కలిసే చోటును దాటి, మెదడులోనే చూపు పూర్తవుతుందని, చూసిన దానిని గుర్తించడంలో జ్ఞాపకానికీ, తర్కానికీ పాత్ర ఉందని, ఆ తీర్పు ఎంతో వేగంగా జరగడం వల్ల మనకు తెలియకుండానే పోతుందని ఆయన రాశాడు. ఈ గ్రంథానికి ఆయన అల్లుడు 1083లో రాసిన ప్రతి ఇస్తాంబుల్‌లో భద్రంగా ఉంది. రెండు కళ్ళూ, వాటి నాడులూ కలిసే తీరును చూపే చిత్రం అందులో ఉంది. మెదడులో చూపు పూర్తయ్యే చోటు ముందు భాగంలో ఉందని ఆయన భావించాడు. అది వెనుక భాగంలో ఉన్నదని రూఢి కావడానికి తొమ్మిది వందల ఏళ్ళు పట్టింది. ఆ రుజువు యుద్ధభూమి నుండి వచ్చింది.

తుపాకి గుండ్లు చూపిన దారి

1904-05 రష్యా, జపాన్ యుద్ధంలో రష్యన్ సైన్యం వాడిన తుపాకుల గుండ్లు సన్ననివి, అతి వేగమైనవి. పూర్వపు గుండ్లు పుర్రెను బద్దలు చేసేవి. ఇవి ఒక ప్రక్క దూరి మరో ప్రక్క బయటపడేవి. ఆ విధంగా తల వెనుక గాయపడి కూడా ప్రాణాలతో తిరిగి వచ్చిన జపాను సైనికులు ఎందరో ఉన్నారు. వారి కళ్ళకు ఏ గాయమూ లేదు, అయినా చూపులో కొంత భాగం పోయింది. ఎంత చూపు పోయిందో లెక్కగట్టి, దానిని బట్టి పింఛను నిర్ణయించడానికి తత్సుజి ఇనౌయె అనే యువ నేత్ర వైద్యుణ్ణి నియమించారు.

ఇనౌయె అప్పగించిన పనితో ఆగలేదు. గుండు దూరిన చోటును, బయటపడిన చోటును పుర్రెపై కొలవడానికి ఒక పరికరం తయారు చేశాడు. రెండు రంధ్రాల మధ్య సరళరేఖ గీస్తే మెదడులో దెబ్బతిన్న దారి తెలుస్తుంది. ఆ దారిని, ఆ సైనికుని చూపులో ఏర్పడిన చీకటి మచ్చతో పోల్చాడు. ఇలా 29 మందిని పరిశీలించి 1909లో జర్మన్ భాషలో గ్రంథం ప్రచురించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైద్యుడు గోర్డన్ హోమ్స్ ఇదే పనిని మరింత విస్తృతంగా చేశాడు. ఒక మనిషి చూపులోని చీకటి మరొకరికి వెలుగు చూపే పటమైంది. విజ్ఞాన చరిత్రలో ఇటువంటి మూల్యం చెల్లించిన అధ్యాయాలు అరుదు కాదు. ఆ సైనికులలో చాలామంది పేర్లు ఎవరికీ తెలియవు.

వీరిద్దరూ గీసిన పటంలో మూడు వింతలున్నాయి. మొదటిది, ఎడమ ప్రక్క లోకం కుడి మెదడులోనూ, కుడి ప్రక్క లోకం ఎడమ మెదడులోనూ ఉంటుంది. ఇది ఎడమ కన్ను, కుడి కన్ను అనే విభజన కాదని గమనించాలి. రెండు కళ్ళూ చూసే ఎడమ సగం కుడి మెదడుకు వెళుతుంది. రెండవది, నేల పైనా, ఆకాశం క్రిందా ఉంటాయి. మూడవది అన్నింటికన్నా ముఖ్యమైనది: చూపు నడిబొడ్డుకు దక్కిన స్థలం అపారం. చేయి చాచి బొటనవేలిని కంటికెదురుగా నిలపండి. ఆ వేలి గోరంత మేరలోనే మీ చూపు నిజంగా నిశితంగా ఉంటుంది. ముస్‌హఫ్ తెరిచి ఒక పదంపై చూపు నిలిపి, కళ్ళు కదపకుండా క్రింది వరుసలను చదవడానికి ప్రయత్నిస్తే ఈ సంగతి వెంటనే తెలుస్తుంది. 1991లో అమెరికన్ వైద్యులు హోర్టన్, హాయిట్ ఎమ్మారై చిత్రాల సాయంతో హోమ్స్ పటాన్ని సవరించినప్పుడు, ఈ నడిబొడ్డు వాటా ఆయన అనుకున్నదాని కన్నా ఇంకా ఎక్కువని తేలింది. చూపు కేంద్రం నుండి అన్ని వైపులా చాచిన చేతి పిడికిలంత దూరం వరకు ఉన్న భాగమే ఆ పొరలో సగానికి పైగా ఆక్రమిస్తుంది. మిగిలిన విశాల ప్రపంచమంతా శేషించిన చోటులో సర్దుకుంటుంది.

రక్తం చెప్పే సాక్ష్యం

గాయం ద్వారా గీసిన పటంలో ఒక లోపం తప్పదు. పోయినదేదో అది చెబుతుంది గాని, పని చేస్తున్న మెదడు పని ఎలా చేస్తున్నదో చెప్పదు. దానికి మరో సాక్షి కావలసి వచ్చింది. ఆ సాక్షి రక్తం.

మెదడులో ఏ భాగం ఎక్కువగా పని చేస్తే అక్కడికి ప్రాణవాయువుతో నిండిన రక్తం వడివడిగా చేరుతుంది. ఆ భాగం వాడుకునే దాని కన్నా చేరేది ఎక్కువ. ప్రాణవాయువును మోస్తున్న హిమోగ్లోబిన్, దానిని దించివేసిన హిమోగ్లోబిన్ అయస్కాంతం ముందు ఒకే విధంగా ప్రవర్తించవని 1936లోనే లైనస్ పౌలింగ్, చార్లెస్ కొరియెల్ కనుగొన్నారు. ఆ చిన్న భేదాన్ని మెదడు చిత్రాలలో పట్టుకోవచ్చునని 1990లో సైజీ ఒగావా అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఎలుకలపై చూపాడు. 1992లో ఆయన బృందం ఒకటి, బోస్టన్‌లో కెన్నెత్ క్వాంగ్ బృందం మరొకటి మనుషులపై దీనిని నిరూపించాయి. రెండు బృందాలూ మొదటి పరీక్షకు ఎన్నుకున్నది దృష్టి వల్కలాన్నే. కళ్ళ ముందు దీపాలు మినుకుమనగానే తల వెనుక భాగంలో సంకేతం పెరిగింది, దీపాలు ఆరగానే తగ్గింది. దీనినే ఫంక్షనల్ ఎమ్మారై అంటారు.

ఈ పరీక్షలో ఎక్స్‌రే కిరణాలు లేవు. భూమి అయస్కాంత శక్తికి సుమారు 60,000 రెట్లున్న అయస్కాంతం మాత్రం ఉంది. అందుకే గదిలోకి వెళ్ళే ముందు నగలు, హిజాబు పిన్నులు, గడియారం అన్నీ తీసి పెట్టమంటారు, గుండెలో పేస్‌మేకర్ ఉందా అని పదే పదే అడుగుతారు. ఈ జాగ్రత్తలను చాదస్తమని తేలికగా తీసుకోరాదు.

ఈ యంత్రం పరిమితులు కూడా పాఠకులు తెలుసుకోవాలి. అది ఆలోచనను చూడదు, నాడీకణాన్ని చూడదు, వాటి వెనుక పరుగెత్తే రక్తాన్ని చూస్తుంది. రక్తం ఆలస్యంగా వస్తుంది. కంటి ముందు వెలుగు మెరిసిన ఐదారు సెకండ్లకు గాని సంకేతం శిఖరానికి చేరదు. చిత్రంలోని ఒక్కొక్క చుక్క రెండు, మూడు మిల్లీమీటర్ల ఘనం. అందులో లక్షలాది నాడీకణాలుంటాయి. పత్రికలలో కనిపించే ఎర్రని, పసుపుపచ్చని మెదడు చిత్రాలు ఫోటోలు కావు. అవి లెక్కలు కట్టి రంగులు వేసిన పట్టికలు.

ఉంగరం, ముక్క

ఇంత మందకొడి సాక్షితో అంత సూక్ష్మమైన పటాన్ని ఎలా గీశారు? దీనికి 1994లో స్టీఫెన్ ఎంగెల్, బ్రయన్ వాండెల్ తదితరులు కనిపెట్టిన ఉపాయం ఎంత సరళమో అంత చక్కనిది.

యంత్రంలో పడుకున్న వ్యక్తి ఎదుట ఒక తెర ఉంటుంది. తెర మధ్య ఒక చిన్న చుక్క. చూపును ఆ చుక్కపై నిలపడమే అతని పని. చుక్క చుట్టూ నలుపు, తెలుపు గళ్ళతో మినుకుమినుకుమనే ఒక ఉంగరం పుడుతుంది. నీటిలో రాయి వేసినప్పటి అలలా అది మెల్లగా పెద్దదై తెర అంచుకు చేరి మాయమవుతుంది, మళ్ళీ మధ్యలో పుడుతుంది. ఒక్కొక్క విడతకు సుమారు అర నిమిషం నుండి నిమిషం పడుతుంది. దీనిని అనేక సార్లు తిప్పుతారు. ఉంగరం చిన్నదిగా ఉన్నప్పుడు మెదడు వెనుక కొనలో సంకేతం లేస్తుంది. ఉంగరం పెద్దదయ్యే కొద్దీ ఆ సంకేతం అలలా ముందుకు కదులుతుంది. మెదడుపైని ఏ చుక్క ఏ సమయానికి స్పందించిందో చూస్తే, అది చూపు కేంద్రం నుండి ఎంత దూరానికి చెందినదో తెలిసిపోతుంది. రక్తం ఆలస్యం అన్ని చోట్లా ఇంచుమించు ఒకటే కనుక దానిని లెక్కలో తీసివేయవచ్చు.

తర్వాత ఉంగరానికి బదులు పుచ్చకాయ ముక్క ఆకారం వస్తుంది. అది గడియారం ముల్లులా చుక్క చుట్టూ తిరుగుతుంది. దాని వల్ల ఏ చుక్క ఏ దిక్కుకు చెందినదో తేలుతుంది. దూరం, దిక్కు రెండూ తెలిస్తే పటం పూర్తయినట్లే. ముడుతలు పడిన మెదడు పొరను కంప్యూటరుపై నున్నగా విప్పి, దానిపై ఈ వివరాలను రంగులతో నింపుతారు.

అలా నింపినప్పుడు ఒక ఆశ్చర్యం బయటపడింది. పటం ఒకటి కాదు, అనేకం. 1995లో మార్టిన్ సెరెనో బృందం ఈ పద్ధతితో పటాల మధ్య సరిహద్దులను గుర్తించింది. మొదటి పటం అంచుకు రాగానే దిశ తిరగబడి, అద్దంలో ప్రతిబింబంలా రెండవ పటం మొదలవుతుంది. దాని అంచున మళ్ళీ తిరగబడి మూడవది వస్తుంది. కాగితాన్ని మడతలు పెట్టి సిరా అద్దినట్లు ఉంటుంది ఆ అమరిక. మరో సంగతి, ఈ పటం పరిమాణం మనిషికీ మనిషికీ ఒకటి కాదు. ఆరోగ్యవంతులలోనే ఒకరి ప్రాథమిక దృష్టి వల్కలం మరొకరి దాని కన్నా రెండింతలుండవచ్చు.

వెనుకటి పటాలు ‘ఎక్కడ’ అనే ప్రశ్నకు సమాధానం చెబితే, ముందుకు వెళ్ళే కొద్దీ ‘ఏమిటి’ అనే ప్రశ్న బలపడుతుంది. ముఖాలకు విశేషంగా స్పందించే ఒక చోటును 1997లో నాన్సీ కాన్విషర్ బృందం వివరించింది. కదలికకు వేరొక చోటుంది. అది రెండు వైపులా దెబ్బతిన్న ఒక జర్మన్ మహిళ కథను 1983లో యోజెఫ్ జీల్ ప్రచురించాడు. ఆమెకు రంగులు కనిపించేవి, వస్తువులు కనిపించేవి, కదలిక మాత్రం కనిపించేది కాదు. కప్పులో టీ పోయడం కూడా ఆమెకు కష్టమైంది. ధార గడ్డకట్టినట్లు నిలిచి కనిపించేది. కప్పు నిండుతున్నదో లేదో తెలిసేది కాదు.

ఇంట్లో పెద్దవారికి జరిగినప్పుడు

ఈ పటం జ్ఞానం ఇంటి అవసరానికి ఎలా వస్తుందో ఒక ఉదాహరణతో చూడండి. మెదడు వెనుక భాగపు రక్తనాళం మూసుకుపోయినప్పుడు కాళ్ళూచేతులూ బాగానే ఉండి చూపులో సగం పోవచ్చు. కుడి ప్రక్క దెబ్బతింటే రెండు కళ్ళలోనూ ఎడమ సగం పోతుంది. రోగి మాత్రం ‘ఎడమ కన్ను మసకబారింది’ అనే చెబుతాడు. ఎడమ వైపు తలుపు చట్రానికి భుజం తగులుతుంది, పళ్ళెంలో ఎడమ ప్రక్క కూర అలాగే మిగిలిపోతుంది. కొత్త కళ్ళద్దాలు చేయించినా ప్రయోజనం ఉండదు. ఒక్కొక్క కన్ను మూసి చూడమనండి. ఏ కంటితో చూసినా అదే ప్రక్క లోపిస్తే మూలం కంట్లో లేదు, మెదడులో ఉంది. అది హఠాత్తుగా వచ్చినదైతే, కళ్ళద్దాల దుకాణం మాట మరచి అదే గంటలో పెద్దాసుపత్రికి చేరాలి.

మన ఇళ్ళకు సంబంధించిన మరో విశేషం ఇక్కడ ఉంది. మనం తెలుగును ఎడమ నుండి కుడికి, అరబీ, ఉర్దూలను కుడి నుండి ఎడమకు చదువుతాం. చదివేటప్పుడు చూపు నిలిచిన పదం కన్నా కాస్త ముందున్న అక్షరాలను కూడా మెదడు అందుకుంటూ ఉంటుంది. ఉర్దూ, ఇంగ్లీషు రెండూ చదివేవారిని పరీక్షించినప్పుడు, ఉర్దూ చదివేటప్పుడు ఈ ముందుచూపు ఎడమ వైపుకు, ఇంగ్లీషు చదివేటప్పుడు కుడి వైపుకు ఒరుగుతుందని తేలింది. కనుక ఎడమ సగం చూపు పోయిన తాతగారికి తెలుగు పత్రిక కన్నా ఖుర్ఆన్ పారాయణంలో ఎక్కువ తడబాటు రావచ్చు. అది మతిమరపుగానో, నిర్లక్ష్యంగానో ఇంట్లోవారు భావించకూడదు.

మనసును చదివే యంత్రమా?

పటం తెలిస్తే, పటాన్ని చూసి దృశ్యాన్ని ఊహించవచ్చా? 2008లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో జాక్ గాలంట్ బృందం దీనిని పరీక్షించింది. ఇద్దరు వ్యక్తులకు 1,750 ఫోటోలు చూపి, వారి దృష్టి వల్కలంలోని ఒక్కొక్క చుక్క దేనికి ఎలా స్పందిస్తుందో నేర్చుకున్నారు. తర్వాత కొత్తగా 120 ఫోటోలు చూపి, కేవలం మెదడు సంకేతాన్ని బట్టి ఏ ఫోటో చూస్తున్నారో కంప్యూటరును చెప్పమన్నారు. ఒకరి విషయంలో 92 శాతం, మరొకరి విషయంలో 72 శాతం సరిగ్గా చెప్పింది. కళ్ళు మూసుకుని ఊహిస్తే ఒక్క శాతం కూడా రాదు. 2011లో అదే ప్రయోగశాల, చూస్తున్న వీడియో తాలూకు మసక రూపాన్ని తిరిగి నిర్మించింది. నేటి కృత్రిమ మేధతో ఆ రూపాలు ఇంకా స్పష్టమయ్యాయి.

దీనిని ‘మనసును చదివే యంత్రం’ అని ప్రచారం చేయడం అతిశయోక్తి. ఆ వ్యక్తి గంటల తరబడి, కొన్ని అధ్యయనాలలో నెలల తరబడి, కదలకుండా సహకరించాలి. ఒకరి పటంతో మరొకరి చూపును చదవడం తేలిక కాదు. నేటి స్పష్టమైన చిత్రాలలో చాలా భాగం యంత్రం తన దగ్గరున్న కోట్లాది బొమ్మల నుండి ఊహించి పూరించినదే. అయినప్పటికీ, మనిషి అంతరంగపు గోప్యతకు హద్దులు గీసే చట్టాలు ఈ విద్య ముదరక ముందే రావాలన్నది ఈ రచయిత అభిప్రాయం.

ఈ పటం వల్ల కలుగగల మేలు మరో దిశలో ఉంది. 1968లో బ్రిటన్‌లో బ్రిండ్లీ, లెవిన్ ఒక అంధ మహిళ దృష్టి వల్కలంపై విద్యుత్ మొనలను అమర్చారు. ఒక్కొక్క మొనలో విద్యుత్తు పంపగానే ఆమెకు ఒక నిర్దిష్ట దిక్కున వెలుగు చుక్క కనిపించింది. 2020లో నెదర్లాండ్స్ పరిశోధకులు 1,024 మొనలతో కోతులకు అక్షరాల ఆకారాలను కన్ను ప్రమేయం లేకుండానే గుర్తింపజేశారు. ఏ మొన ఏ చుక్కను వెలిగిస్తుందో చెప్పేది పటమే. ఇది ఇంకా చికిత్స దశకు రాలేదు.

వెలుగు అందని పటం ఏమవుతుంది?

పుట్టుకతో చూపు లేనివారి తల వెనుక ఆ పొర ఖాళీగా పడి ఉంటుందా? 1996లో నోరిహిరో సదాతో బృందం పసితనం నుండే అంధులైనవారు బ్రెయిలీ చదువుతుండగా మెదడు చిత్రాలు తీసింది. దృష్టి వల్కలం చురుకుగా పని చేస్తూ కనిపించింది. వేలి కొసల స్పర్శ అక్కడికి చేరింది. ఇది యాదృచ్ఛికం కాదని మరో ఉదంతం తెలిపింది. పుట్టుకతో అంధురాలై, బ్రెయిలీ బాగా చదివే ఒక మహిళకు మెదడు వెనుక రెండు ప్రక్కలా రక్తప్రసరణ ఆగి దెబ్బ తగిలింది. తర్వాత ఆమెకు చుక్కల స్పర్శ తెలిసేది, వాటిని అక్షరాలుగా చదవడం మాత్రం పోయింది.

అంటే ఆ స్థలం ఎదురు చూస్తూ ఖాళీగా కూర్చోదు. అక్కడే తల్లిదండ్రులకు సంబంధించిన విషయం ఉంది.

పిల్లిపిల్ల ఒక కంటిని పుట్టిన తొలి వారాలలో మూసి ఉంచితే, తర్వాత తెరిచినా మెదడు కణాలు ఆ కంటికి స్పందించవని, మూయని కన్నే వాటిని ఆక్రమిస్తుందని 1963లో వీజెల్, హ్యూబెల్ చూపారు. ఎదిగిన పిల్లికి అదే చేస్తే అంత నష్టం లేదు. దృష్టి వల్కలంపై వారి పరిశోధనకు 1981లో నోబెల్ బహుమతి లభించింది. మనుషులలో ఈ పటం ఎప్పుడు సిద్ధమవుతుంది? 2021లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 5 నుండి 23 నెలల పసివారిని మెలకువగా ఉండగానే ఎమ్మారైలో పరీక్షించారు. పటాల రూపురేఖలు అప్పటికే ఏర్పడి ఉన్నాయి.

శుక్లాలతో పుట్టి, వెలుగు నీడలు తప్ప ఏమీ ఎరుగక పెరిగి, ఏళ్ళ తర్వాత శస్త్రచికిత్స పొందినవారి సంగతి ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానంలో మన హైదరాబాదుకు భాగముంది. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రిగిట్టె రోడర్ బృందం కలిసి ఇటువంటి వ్యక్తులను పరిశీలిస్తున్నాయి. 2018లో వెలువడిన వారి అధ్యయనంలో తలపై అమర్చిన తీగల ద్వారా మెదడు విద్యుత్ తరంగాలను కొలిచారు. చూపులో పైభాగాన వెలుగు మెరిసినప్పుడు ఒక విధంగా, క్రింది భాగాన మెరిసినప్పుడు దానికి విరుద్ధంగా మొదటి తరంగం వచ్చింది. అంటే పటం పునాది నిలిచే ఉంది. కాని దాని తర్వాత, ముందున్న పటాల నుండి రావలసిన తరంగం బలహీనపడింది. ఇల్లు నిలిచింది, గదులు సర్దుకోలేదు.

పన్నెండవ శతాబ్దపు అందలూసియా తత్త్వవేత్త ఇబ్ను తుఫైల్ తన ‘హయ్య్ ఇబ్ను యఖ్జాన్’ ప్రవేశికలో ఒక పుట్టుగుడ్డిని ఊహించాడు. ఊరిని స్పర్శ, వినికిడి ద్వారా క్షుణ్ణంగా ఎరిగిన ఆ మనిషికి చూపు వస్తే అన్నీ తాను ఎరిగినట్లే ఉన్నాయని గ్రహిస్తాడని ఆయన తలచాడు. ఉత్తర భారతంలో పవన్ సిన్హా నడిపే ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో చూపు పొందిన పిల్లలను ఈ విషయంలో నిజంగానే పరీక్షించి 2011లో ఫలితం ప్రకటించారు. చేతితో తడిమిన ఆకారాన్ని కంటితో చూసి గుర్తించడం కట్టు విప్పిన మొదటి రోజులలో వారికి సాధ్యం కాలేదు. కొద్ది రోజులలోనే నేర్చుకున్నారు. ఎనిమిదేళ్ళు, పదిహేనేళ్ళు దాటినవారికి కూడా శస్త్రచికిత్స వ్యర్థం కాదనడానికి ఇదే తార్కాణం.

అయినా ఆలస్యానికి మూల్యం ఉంది. కెనడాలో మౌరర్ బృందం, పుట్టిన రెండు నుండి ఆరు నెలలలోపే శుక్లం తీయించుకున్నవారిని ఎన్నో ఏళ్ళ తర్వాత పరీక్షించింది. కళ్ళూ ముక్కూ నోరూ ఒకటే అయి, వాటి మధ్య దూరం మాత్రం మారిన ముఖాలను వేరు చేయడంలో వారు తడబడ్డారు. కొద్ది నెలల చీకటి అంత దూరం వచ్చింది.

అందుకే రెండు కళ్ళలో దట్టమైన శుక్లంతో పుట్టిన బిడ్డకు మొదటి రెండు నెలలలోనే, ఒకే కంట్లో ఉంటే ఇంకా ముందే శస్త్రచికిత్స జరగాలని వైద్యులు కోరతారు. ‘కాస్త బలం పుంజుకున్నాక చేయిద్దాం’, ‘అఖీఖా అయ్యాక చూద్దాం’, ‘దిష్టి తగిలింది, తగ్గిపోతుంది’ అన్న పెద్దల మాటలలో ప్రేమ ఉంటుంది. వల్కలం మాత్రం ఆగదు. కనుపాప నడుమ తెల్లగా కనిపించినా, ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో ఒక కన్ను ఎర్రగానూ మరొకటి తెల్లగానూ వచ్చినా, మూడు నెలలు నిండినా బిడ్డ తల్లి ముఖాన్ని చూపుతో వెంబడించకపోయినా, కళ్ళు అదే పనిగా ఊగుతున్నా ఆ వారమే నేత్ర వైద్యునికి చూపించాలి. తెల్లని మెరుపు కొన్నిసార్లు ప్రాణాంతకమైన కంటి కణితికి కూడా గుర్తు కావచ్చు. ఇంట్లో ఇదివరకు ఎవరికైనా పుట్టుశుక్లం ఉంటే, లక్షణాలు లేకున్నా పుట్టిన బిడ్డను పరీక్ష చేయించాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుశుక్లం కూడా పరీక్షించవలసిన లోపాల జాబితాలో ఉంది. అంగన్‌వాడీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగితే దారి చూపుతారు.

శస్త్రచికిత్స తర్వాత బిడ్డకు మందపాటి కళ్ళద్దాలు పెట్టి, బాగున్న కంటికి రోజుకు కొన్ని గంటలు పట్టీ అంటించమంటారు. మెల్లకన్ను వల్ల ఒక కంటి చూపు మందగించిన పిల్లలకు కూడా ఇదే పద్ధతి. బిడ్డ ఏడుస్తుంది, పట్టీ పీకేస్తుంది, బంధువులు జాలిపడతారు, ‘బాగున్న కన్ను ఎందుకు మూస్తారు’ అని అడుగుతారు. ఆ గంటలలో తల వెనుక ఒక చేయి వెడల్పు కూడా లేని పొరపై రెండు కళ్ళూ చోటు కోసం పోటీ పడుతున్నాయి. పట్టీ ఉన్నంతసేపు బలహీనమైన కంటికి దాని వాటా దొరుకుతుంది.